ఒక్క రాత్రికి తిరిగొచ్చినవాళ్ళు



2007వ సంవత్సరం, మార్చి 3. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కొలంబస్ నగరం. 19 వేల మందితో కిక్కిరిసిన హాలు. మధ్యలో ఎనిమిది మూలల జాలీ కంచె. అందులో ఒక పక్క టిమ్ సిల్వియా, యూఎఫ్‌సీ అనే పోటీల సంస్థకి హెవీవెయిట్ ఛాంపియన్. ఎత్తు 6 అడుగుల 8 అంగుళాలు. మన ఇళ్ళల్లో మామూలు గుమ్మం దాటాలంటే తల వంచక తప్పని మనిషి. ఇంకో పక్క రాండీ కూటూర్. వయసు 43. ఏడాది కిందట చక్ లిడెల్ చేతిలో నాకౌట్ అయి, ఇక చాలని చెప్పి వెళ్ళిపోయినవాడు. ఆ తరువాత కంచె పక్కన బల్ల ముందు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, కుర్రాళ్ళ పోటీలకు వ్యాఖ్యానం చెప్పుకుంటున్నవాడు.

పోటీ మొదలైంది. కూటూర్ ముందుకొచ్చి కుడిచెయ్యి పైనుంచి తిప్పి కొట్టాడు. అంత మనిషీ వెనక్కి పడ్డాడు. అప్పటికింకా పది సెకన్లు కూడా గడవలేదు. జనం ఒక్కసారిగా లేచారు. ఆ తరువాతి 25 నిమిషాల్లో వాళ్ళు మళ్ళీ కుదురుగా కూర్చున్నారని నేననుకోను. ఐదు రౌండ్లు అయ్యాక ముగ్గురు జడ్జీలూ ఒకటే లెక్క చెప్పారు: 50-45. అంటే ఒక్క రౌండు కూడా ఛాంపియన్‌కి దక్కలేదు. 43 ఏళ్ళ వ్యాఖ్యాత బెల్టు నడుముకు చుట్టుకుని ఇంటికి వెళ్ళాడు.

మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అనే ఆటలో, రిటైరైన ఛాంపియన్ ఎవరు ఎప్పుడు తిరిగొస్తానన్నా అభిమానులు ముందుగా తల్చుకునేది ఈ రాత్రినే. "కూటూర్ రాలేదా?" అంటారు. వచ్చాడు, నిజమే. కానీ ఎలా వచ్చాడు, వచ్చి ఎన్నాళ్ళు ఉన్నాడు అనేది అంత తరచుగా ఎవరూ అడగరు. ఇవాళ నా మాటలు దాని గురించే.

ముందు ఈ ఆట సంగతి రెండు మాటలు. బాక్సింగ్‌లో పిడిగుద్దులే ఉంటాయి, కుస్తీలో పట్లే ఉంటాయి. ఇందులో రెండూ ఉన్నాయి. వాటికి తోడు కాలి దెబ్బలు, మోచేతులు, మోకాళ్ళు, కింద పడేసి మెడ బిగించడాలు. చేతి తొడుగు బరువు నాలుగు ఔన్సులు, అంటే 113 గ్రాములు. పెద్ద బాక్సర్లు వేసుకునే తొడుగులో సగం కూడా ఉండదు. 2022లో విజయ్ దేవరకొండ 'లైగర్' వచ్చినప్పుడు ఈ ఆట పేరు మన ఊళ్ళల్లో కూడా బాగానే వినపడింది. అందులో మైక్ టైసన్ కనిపించాడు, గుర్తుందా? ఆ టైసనే రెండేళ్ళ తరువాత, 2024 నవంబరులో, 58 ఏళ్ళ వయసులో మళ్ళీ బాక్సింగ్ రింగులోకి దిగాడు. ప్రత్యర్థి జేక్ పాల్ అతనికంటే ముప్పై ఏళ్ళు పైగా చిన్నవాడు. రౌండు మూడు నిమిషాలు ఉండాల్సింది రెండు నిమిషాలకు తగ్గించారు, తొడుగుల బరువు పెంచారు. అయినా మొదటి రెండు రౌండ్లు దాటాక టైసన్ కాళ్ళు కదల్లేదు. టెక్సస్‌లో హాలు నిండింది, ప్రపంచమంతా టీవీల ముందు కూర్చుంది, చూసినవాళ్ళకి ఒక రకమైన ఇబ్బంది మిగిలింది.

బాక్సింగ్ వైపు నుంచి ఇంకో పేరు తప్పకుండా వస్తుంది. జార్జ్ ఫోర్‌మన్. 1977లో రింగు వదిలి మతబోధకుడయ్యాడు. పదేళ్ళ తరువాత తిరిగొచ్చి, 1994లో 45 ఏళ్ళ వయసులో మైకేల్ మూరర్‌ని పదో రౌండులో పడగొట్టి మళ్ళీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అద్భుతమే. కానీ 1987కీ 1994కీ మధ్య ఫోర్‌మన్ ఏం చేశాడో చూడండి. ముందు చిన్న చిన్న ఊళ్ళల్లో, పెద్దగా పేరు లేని బాక్సర్లతో, ఒకరి తరువాత ఒకరితో తలపడ్డాడు. ఒళ్ళు దించుకున్నాడు, ఊపిరి పెంచుకున్నాడు, తుప్పు వదిలించుకున్నాడు. అలా ఏడేళ్ళు మెట్టు మెట్టుగా ఎక్కాడు. బాక్సింగ్‌లో ఆ మెట్లు ఉన్నాయి. యూఎఫ్‌సీలో లేవు. అక్కడ పాత ఛాంపియన్ తిరిగొస్తే మొదటి రాత్రే టీవీకి పనికొచ్చే ప్రత్యర్థిని నిలబెడతారు. పేరున్నవాడికి నెమ్మదిగా అలవాటు పడే వెసులుబాటు ఉండదు.

ఇక కూటూర్ ఎలా గెలిచాడో చూద్దాం. మొదటిది, వయసు. అతని వయసు 43 అని అందరూ ఆశ్చర్యపోయారు గానీ, ఈ ఆటలో మనిషికి ఇంకో వయసు కూడా ఉంటుంది. దాన్ని దెబ్బల వయసు అందాం. కూటూర్ ఇందులోకి వచ్చిందే 1997లో, 33 ఏళ్ళప్పుడు. అంతకుముందంతా గ్రీకో రోమన్ కుస్తీ. సైన్యంలో పనిచేస్తూ కుస్తీ పట్టాడు, ఒలింపిక్ జట్టు గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. కుస్తీలో మెడలు, భుజాలు అరుగుతాయి. తలకు మాత్రం గుద్దులు తగలవు. అంటే 2007లో కూటూర్ తలకు పదేళ్ళ అనుభవమే ఉంది. ఇరవై ఏళ్ళకే మొదలుపెట్టిన కుర్రాడు ముప్పైకి చేరుకునే చోట అతను 43కి చేరుకున్నాడు.

రెండోది, అతని పనిముట్టు. దూరంగా నిలబడి గుద్దులు తప్పించుకోవడం కంటి పని. కన్ను చూడాలి, మెదడు పసిగట్టాలి, తల పక్కకి జరగాలి, అంతా లిప్తలో జరిగిపోవాలి. ముప్పై దాటాక మెల్లగా జారిపోయేవి సరిగ్గా ఇవే. చప్పున కదిలించే కండపోగులు ముందుగా పల్చబడతాయి. పట్టు అలా కాదు. అవతలివాడి ఛాతీ మన ఛాతీకి ఆనినప్పుడు అతను ఎటు ఒరుగుతున్నాడో ఒంటికే తెలుస్తుంది, కంటితో పని లేదు. ఇరవై ఏళ్ళ సాధన ఒంట్లో దిగిపోయి ఉంటుంది. అందుకే పహిల్వాన్లు ముసలివాళ్ళయినా ప్రమాదకరమే. 1928లో పాటియాలాలో గామా, దాదాపు యాభై ఏళ్ళ వయసులో, ఒకప్పుడు లండన్‌లో తనని గంటల తరబడి నిలువరించిన జిబిస్కోని నిమిషం తిరక్కుండానే మట్టి కరిపించాడు. నిజమే, జిబిస్కోకీ అప్పటికి అదే వయసు. ఆ మాట కూడా చెప్పకపోతే న్యాయం కాదు.

మూడోది, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది, ఎవరి మీదికి వచ్చాడన్నది. సిల్వియా పొడగరి, బలవంతుడు, కానీ నిదానస్తుడు. దూరం నుంచి పొడవాటి చెయ్యి ఆడించి గెలిచే రకం. కూటూర్‌కి ఆ చెయ్యి కిందికి దూరి, నడుముకు అతుక్కుని, కంచెకి ఆనించడం తెలుసు. అంతకుముందు ఏడాదంతా వ్యాఖ్యాతగా కంచె పక్కన కూర్చుని ఈ ఆటనే చూశాడు. పరీక్ష హాల్లో ఇన్విజిలేటరుగా ఉంటూ ప్రశ్నపత్రం చదువుకున్నట్టన్నమాట. లిడెల్ లాంటి తుపాకీ గుద్దులవాడి మీదికి మళ్ళీ వెళ్ళి ఉంటే ఈ ప్రసంగం వేరే రకంగా ఉండేది.

లిడెల్ పేరు వచ్చింది కదా, అక్కడే కాసేపు ఆగుదాం. ఎందుకంటే ఈ కథలో నన్ను బాగా బాధపెట్టిన మనిషి అతనే.

తల రెండు పక్కలా గుండు, మధ్యలో పిలక లాంటి కట్టింగు, తల మీద పచ్చబొట్టు. 2000 తరువాతి రోజుల్లో ఈ ఆటకి ముఖం అతనే. అతని ఆట ధైర్యం మీద నడిచింది. తనకి నాలుగు తగిలినా ఎదుటివాడికి ఒకటి తగిలితే చాలు, వాడు కిందే. అలాంటి ఆటకి ఆధారం దవడ. దెబ్బ తగిలినా నిలబడే గుణాన్ని ఈ ఆటవాళ్ళు దవడ అనే అంటారు. అది ఎముక సంగతి కాదు, మెదడు సంగతి. కాపాడుకోవచ్చు గానీ, ఒకసారి పోయాక తెచ్చుకోవడానికి మార్గం లేదు. 2008లో రషాద్ ఎవన్స్, 2009లో షోగన్, 2010లో రిచ్ ఫ్రాంక్లిన్ అతన్ని వరసగా పడగొట్టారు. ఫ్రాంక్లిన్ అయితే అదే రౌండులో తన చెయ్యి విరిగాక కూడా పడగొట్టాడు. సంస్థ అధిపతి డేనా వైట్ స్నేహితుడు కాబట్టి, ఇక చాలు అని బలవంతంగా ఆపించాడు. యూఎఫ్‌సీలోనే ఒక ఉద్యోగం కూడా ఇచ్చారు.

2016లో సంస్థ చేతులు మారింది. కొత్త యజమానులు వచ్చాక ఆ ఉద్యోగం పోయింది. రెండేళ్ళ తరువాత, 2018 నవంబరు 24న, కాలిఫోర్నియాలో, లిడెల్ మళ్ళీ కంచెలోకి దిగాడు. నలభై తొమ్మిదో పుట్టినరోజుకి ఇంకా మూడు వారాలుంది. ప్రత్యర్థి టిటో ఓర్టిజ్, అంతకుముందు లిడెల్ రెండుసార్లు చిత్తు చేసినవాడే. ఆ పాత గెలుపులు చూపించే టిక్కెట్లు అమ్మారు. పోటీ నడిపించింది బాక్సర్ ఆస్కార్ డి లా హోయా కంపెనీ. ఆ పోటీ నేను చూశాను. మళ్ళీ చూడను. మొదటి నిమిషంలోనే అర్థమైపోయింది. చేతులు ఎత్తే ఉన్నాయి గానీ కాళ్ళు వాటి కింద లేవు. గుద్దు విసిరితే గాలిలోనే నీరసించిపోతోంది. మొదటి రౌండు ముగియకముందే, ఎన్నడూ లిడెల్‌ని గెలవని ఓర్టిజ్ కుడిచెయ్యి తగిలింది. పడిపోయిన తీరు చూసి హాలు మూగబోయింది.

లాస్ వేగాస్‌లో క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 2011 నుంచి బాక్సర్ల మెదళ్ళనీ, ఈ ఆట ఆడేవాళ్ళ మెదళ్ళనీ ఏటేటా పరీక్షిస్తూ వస్తున్నారు. ఎక్కువ పోటీలు ఆడినవాళ్ళ మెదడులో కొన్ని భాగాలు కుంచించుకుపోతున్నట్టు వాళ్ళకి కనిపించింది. విశ్రాంతితో కండరం తేరుకుంటుంది, కీలు తేరుకుంటుంది. ఎనిమిదేళ్ళ విశ్రాంతి లిడెల్ దవడకి ఏమీ ఇవ్వలేదు. పైగా ఉన్న వేగాన్ని పట్టుకుపోయింది.

కాబట్టి, తిరిగొస్తానన్నవాడి వయసు కంటే ముందు నేను చూసేది అతను ఎందుకు వెళ్ళాడన్నది. పడగొడితే వెళ్ళాడా, విసిగి వెళ్ళాడా?

విసిగి వెళ్ళినవాళ్ళలో అందరికన్నా తెలివిగలవాడు కెనడావాడు జార్జ్ సెయింట్ పియర్. అభిమానులకు జీఎస్‌పీ. 2013 నవంబరులో జానీ హెండ్రిక్స్ మీద హోరాహోరీగా గెలిచి, బెల్టు ఉండగానే పక్కకి తప్పుకున్నాడు. మనసు అలసిపోయింది, నిద్ర పట్టడం లేదు అన్నాడు. ఒళ్ళు మాత్రం బాగుంది. సాధన వదల్లేదు. 2017 నవంబరు 4న, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, 36 ఏళ్ళప్పుడు తిరిగొచ్చాడు. అది కూడా తన 77 కిలోల తరగతిలోకి కాదు, పైనున్న 84 కిలోల తరగతిలోకి. అక్కడి ఛాంపియన్ మైకేల్ బిస్పింగ్. వయసు 38. గట్టి మనిషే, కానీ పాత గాయంతో ఒక కన్ను దాదాపు పోయి ఉంది. ఆ సంగతి బిస్పింగే తరువాత బయటపెట్టాడు. మూడో రౌండులో సెయింట్ పియర్ ఎడమచెయ్యి తగిలింది, బిస్పింగ్ కింద పడ్డాడు, వెనకనుంచి మెడ పట్టు. బిస్పింగ్ చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోలేదు. స్పృహ తప్పాడు.

సెయింట్ పియర్ రెండు తరగతుల్లో ఛాంపియన్ అయ్యాడు. నెల దాటగానే పెద్దపేగు వాపు జబ్బు చేసిందని చెప్పి బెల్టు తిరిగిచ్చేశాడు. ఆ తరగతిలో అప్పటికే కుర్ర పులులు కాచుకుని ఉన్నాయి. వాళ్ళ మీదికి ఒక్కసారీ వెళ్ళలేదు. ఏడాది దాటాక మాంట్రియల్‌లో విలేఖరుల ముందు కూర్చుని రిటైర్మెంటు ప్రకటించాడు. కొందరు దీన్ని దొంగాట అన్నారు. నేననను. జబ్బు నిజమే కాబట్టి అది అతని ఎత్తుగడ అని కూడా అనను. కానీ ఫలితం చూస్తే, రావాల్సిన రాత్రికి వచ్చి, ఉండకూడని రాత్రికి లేకుండా పోయాడు.

మా చిన్నాన్న గుర్తొస్తాడు నాకు. సంక్రాంతికి ఊళ్ళో కబడ్డీ పెట్టేవారు. నలభై రెండేళ్ళప్పుడు ఆయన పంచె ఎగ్గట్టి కోర్టులోకి దిగాడు. మొదటి కూతకి వెళ్ళి ఇద్దర్ని ముట్టి వచ్చాడు. ఊరంతా ఈలలు. మా పిన్ని "ఇక రండి, చాలు" అని అరుస్తూనే ఉంది. రెండో కూతలో మోకాలు పట్టేసింది, నలుగురు మంచం మీద మోసుకొచ్చారు. ఇప్పటికీ ఆయన చెప్పేది మొదటి కూత గురించే. రెండోది ఆయన జ్ఞాపకంలోనే లేదు.

బ్రెజిల్ ఆటగాడు జోసె ఆల్డోకి ఆ రెండో కూత తప్పలేదు. 2022లో రిటైరై, కొన్నాళ్ళు బాక్సింగ్ ఆడి, 2024 మేలో రియోలో సొంత జనం ముందుకు తిరిగొచ్చాడు. వయసు 37. ప్రత్యర్థి జొనథన్ మార్టినెజ్ ముప్పై ఏళ్ళవాడు, వరస గెలుపుల మీదున్నవాడు. ఆల్డో అతన్ని పాఠం చెప్పినట్టు ఓడించాడు. అక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది! కొత్త ఒప్పందం మీద సంతకం చేశాడు. తరువాతి రెండు పోటీల్లోనూ జడ్జీల లెక్కలో ఓడి, 2025 మేలో మళ్ళీ సెలవు చెప్పాడు. హెన్రీ సెహూదోకి ఆ మొదటి రాత్రి కూడా దక్కలేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ కుస్తీ స్వర్ణం, రెండు తరగతుల్లో యూఎఫ్‌సీ బెల్టులు, 33 ఏళ్ళకి బెల్టుతోనే రిటైర్మెంటు. మూడేళ్ళకి తిరిగొచ్చి ఆల్జమైన్ స్టెర్లింగ్ చేతిలో వెంట్రుకవాసిలో ఓడాడు. ఆ తరువాత గెలుపు లేదు. బీజే పెన్ సంగతి మరీ ఘోరం. 2017లో 38 ఏళ్ళ వయసులో, తనకంటే 14 ఏళ్ళు చిన్నవాడైన యాయిర్ రోడ్రిగెజ్ ముందు నిలబడి రెండో రౌండులోనే చితికిపోయాడు. అయినా ఆపలేదు. ఇంకో రెండేళ్ళు ఆడాడు, ఒక్కటి కూడా గెలవలేదు.

గమనించారా, పెన్, సెహూదో, ఆల్డో చిన్న బరువులవాళ్ళు. అక్కడ వేగమే ప్రాణం. వంద కిలోల మనుషుల మధ్య అర సెకను ఆలస్యాన్ని బలం కొంత కప్పిపుచ్చుతుంది. అరవై కిలోల మనుషుల మధ్య ఆ అర సెకనే ఆట.

ఇక మందుల మాట. ఒకప్పుడు వయసు మీరినవాళ్ళకి టెస్టోస్టెరాన్ చికిత్స అనే వెసులుబాటు ఉండేది. డాక్టరు చీటీ ఉంటే చాలు. 2014లో నెవడా రాష్ట్రంలో ఈ పోటీలను పర్యవేక్షించే కమిషన్ దాన్ని నిషేధించింది. ఆ ఏడాది తరువాత కొందరు ముప్పై ఐదు దాటిన వీరుల ఒళ్ళు ఎలా మారిపోయిందో పాత ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. 2015 నుంచి యూఎఫ్‌సీ కఠినమైన పరీక్షలు పెట్టింది. రిటైరై తిరిగొచ్చేవాడు కొన్ని నెలల ముందు నుంచే పరీక్షలకు అందుబాటులో ఉండాలి. 2016లో బ్రాక్ లెస్నర్‌కి ఆ గడువు నుంచి మినహాయింపు ఇచ్చారు. నాలుగున్నరేళ్ళ తరువాత వచ్చి మార్క్ హంట్ మీద గెలిచాడు. నిషిద్ధ పదార్థం దొరికింది, గెలుపు కొట్టేశారు. రికార్డుల్లో ఆ రాత్రి ఎవరూ గెలవలేదు.

అంతా తెలిసి కూడా ఎందుకొస్తారు? కొందరికి డబ్బు. ఈ ఆటలో పింఛను లేదు. సంఘం లేదు. తక్కువ చెల్లించారని ఆటగాళ్ళు వేసిన దావాలో యూఎఫ్‌సీ 37 కోట్ల 50 లక్షల డాలర్లకి రాజీపడింది. అంటేనే లెక్క తెలుస్తోంది. కానీ సెయింట్ పియర్‌కి డబ్బు కొరత లేదు. టైసన్‌కి వచ్చిన పారితోషికం మాట ఎలా ఉన్నా, 58 ఏళ్ళకి ముఖం చూపించి తెచ్చుకునే డబ్బుకి వేరే దారులున్నాయి. పొద్దున్నే లేచి ఒంటి మీద కొట్టించుకోవడం ఇరవై ఏళ్ళు అలవాటైన మనిషికి ఖాళీ ఉదయం ఎలా ఉంటుందో మనకి తెలియదు. తిరిగి రానివాళ్ళూ ఉన్నారు. రష్యావాడు ఖబీబ్ 2020 అక్టోబరులో, తండ్రి పోయిన మూడు నెలలకి, అమ్మకి మాటిచ్చానని చెప్పి 29 గెలుపులతో వెళ్ళిపోయాడు. ఓటమి లేదు. ఎంత పిలిచినా రాలేదు. అలాంటివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మళ్ళీ కూటూర్ దగ్గరికి వస్తాను, అతని కథ సగంలో వదిలేశాను. సిల్వియాని ఓడించాక అదే ఏడాది ఆగస్టులో గాబ్రియెల్ గొంజాగాని ఓడించాడు. కాలి దెబ్బ ఆపబోయి చెయ్యి విరిగింది, అయినా మూడో రౌండులో ముగించాడు. అప్పటికి అతను ఈ ప్రసంగంలో నేను చెప్పిన అందరికంటే ఎక్కువే సాధించాడు. తరువాత సంస్థతో గొడవ. ఏడాది పైగా దూరం. 2008లో తిరిగొచ్చి, వయసులో తనకంటే 14 ఏళ్ళు చిన్న, ఒంట్లో తనకంటే బాగా పెద్ద అయిన లెస్నర్ చేతిలో బెల్టు పోగొట్టుకున్నాడు. ఆ తరువాత కొన్ని గెలిచాడు, ఒకటి ఓడాడు. ప్రతి గెలుపు తరువాతా ఇంకొక్కటి అన్నాడు.

2011 ఏప్రిల్ 30. కెనడా, టొరాంటో. 55 వేల పైచిలుకు జనం. కూటూర్‌కి 47. ఎదురుగా లియోటో మాచిడా, కరాటే ఇంట్లో పుట్టినవాడు. రెండో రౌండులో మాచిడా ఒక కాలు ఎత్తబోయినట్టు చేసి, గాల్లోకి ఎగిరి, రెండో కాలితో దవడ మీద తన్నాడు. కూటూర్ దాన్ని చూడలేదు. ఆ తన్ను తగిలిన మనిషి ఇక లేచి ఆడడు. కూటూర్ కాసేపటికి లేచి కూర్చుని, మైకు ముందు నవ్వుతూ ఇదే ఆఖరన్నాడు. ఈసారి నిజంగానే ఆఖరు.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కానీ ఎవరూ ఇంటికి వెళ్ళలేదు, వాళ్ళు అసలు వచ్చింది ఆ రాత్రి చివరి పోటీ కోసం. దీపాలు ఆర్పారు, పాట పెట్టారు, కెనడా జెండాల మధ్యనుంచి ఇరవై తొమ్మిదేళ్ళ సొంత కుర్రాడు కంచె వైపు నడిచొచ్చాడు. జార్జ్ సెయింట్ పియర్.